కుడికాలి మీద ఒక్క చుట్టు

ఆయనకి మనుషుల ముఖాలు గుర్తుండేవి కావు. నాలుగోసారి వెళ్ళినప్పుడు కూడా నా వంక ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూసి, నేను కుర్చీలోంచి లేచి రెండడుగులు వేశాక, "ఓహో, ఎడిటర్ గారు కదూ" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. జూబ్లీహిల్స్‌లో ఎవరైనా మన ముఖం మర్చిపోతే కావాలనే మర్చిపోయారని అనుకోవాలి, ఇక్కడి పద్ధతి అది. ఈయన దగ్గర అలా అనుకోడానికీ వీల్లేదు. ఊరంతా కటౌట్లు కట్టించుకునే హీరోని కూడా ఆయన "ఎడమ మడమ కాస్త ఈడుస్తాడే, ఆ అబ్బాయి" అనేవారు.

కిందటి నెల ఒక ఉదయం ఫిల్మ్‌నగర్‌లో నా ఎడిటింగ్ గదిలో కూర్చుని ఏదో ఫైటు కోస్తున్నాను. డాక్టరుగారి డ్రైవర్ మల్లేశ్ ఫోన్ చేశాడు. "సార్ పొద్దుగాల్ల పోయిండు సార్. నిద్రలనే పాణం పోయిందంట. మీకు చెప్పుమన్నది అమ్మ" అన్నాడు. నేను "అయ్యో మల్లేశ్" అన్నాను. అతను ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నానికల్లా ఫోన్లో ఆయన మీద మెసేజీలు మొదలయ్యాయి. ఎక్కడ చదివారు, ఏ సన్మానాలు జరిగాయి, ఏ ప్రముఖుల మోకాళ్ళు బాగుచేశారు. వాటిలో ఒక్కటీ నాకు తెలీదు. మాటతీరు బట్టి గోదావరి వైపు మనిషి అనుకున్నాను గానీ ఎప్పుడూ అడగలేదు. నాకు తెలిసిందల్లా మోకాలు అనే వస్తువు మీద ఆయనకున్న ఆరాటం. అది చూస్తే కొన్నిసార్లు నవ్వొచ్చేది, కొన్నిసార్లు విసుగొచ్చేది. ఒకసారి మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

ఆయన ఆస్పత్రి గేటు నుంచి లోపలి మెట్ల దాకా ఏటవాలు దారి. కార్లు ఆ దారి ఎక్కకూడదని ఆయన ఆజ్ఞ. బొత్తిగా కాలు కింద పెట్టలేనివాళ్ళకి చక్రాల కుర్చీ వచ్చేది, మిగతా అందరినీ వాచ్‌మన్ గేటు దగ్గరే దింపేసేవాడు. డ్రైవరు తలుపు తీస్తే తప్ప దిగని మనుషులున్న పేట ఇది. మోకాలు నొప్పని వచ్చినవాళ్ళని ఎత్తు ఎక్కించడం ఏం వైద్యమని అందరూ తిట్టుకుంటూ ఎక్కేవారు. మొదటి అంతస్తు కిటికీలో ఆయన నిలబడి, చొక్కా జేబులోంచి వేయించిన పల్లీలు ఒక్కొక్కటే తీసి నోట్లో వేసుకుంటూ, ఆ నడకలు చూస్తూ ఉండేవారు. ఒక నిర్మాతగారి భార్య దీని మీద పెద్ద గొడవ చేసిందట. ఆవిణ్ణి కూర్చోబెట్టి, స్కానింగులో కనిపించేది పడుకున్న మోకాలనీ, తనకి కావలసింది నడిచే మోకాలనీ నింపాదిగా చెప్పి పంపారట.

అక్కడితో అయిపోదు. మందులు రాయించుకుని మనం బయటపడ్డాక, ఆయన మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చేవారు. ఎక్కేటప్పుడు మనిషి నటించగలడుగానీ దిగేటప్పుడు నటించలేడని ఆయన సిద్ధాంతం. ఒకసారి నేను సగం దూరం దిగాక పైనుంచి కేక వేసి, మళ్ళీ ఎక్కి మళ్ళీ దిగమన్నారు. గేటు దగ్గర నలుగురు డ్రైవర్లు చూస్తుండగా నేను బుద్ధిగా ఎక్కి, బుద్ధిగా దిగాను. ఏం కనబడిందో చెప్పలేదు, చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయారు.

ఆరేళ్ళ కిందట షటిల్ కోర్టులో కుర్రాళ్ళతో పంతానికి పోయి నేను మోకాలు పోగొట్టుకున్నప్పుడు మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్ళాను. లోపల లిగమెంటు సగం తెగిందని స్కానింగ్ రిపోర్టులో ఉంది. ఆపరేషన్ అంటారేమోనని వణుకుతూ వెళ్ళినవాణ్ణి, అక్కర్లేదనేసరికి ఎందుకో చిన్నబుచ్చుకున్నాను కూడా. నేను రోజంతా కూర్చుని చేసే పనికి ఆ మోకాలు చాలునట. తొడకండకి వ్యాయామం చేసి, షటిల్ మానెయ్యమన్నారు, అది కుదరకపోతే పంతం మానెయ్యమన్నారు. అప్పుడే ఒక మాట అన్నారు.

"మోకాలంటే తలుపు బందు అనుకుంటారండీ అందరూ. ముడుచుకుంటుంది, చాచుకుంటుంది, అంతే అనుకుంటారు. అది తిరుగుతుంది కూడా. కొంచెమే తిరుగుతుంది. మనిషికి కావలసిందంతా ఆ కొంచెంలోనే ఉందండీ."

నేను సినిమావాణ్ణని తెలియగానే ఆయన ముఖం వెలిగిపోయింది. మీవాళ్ళ మోకాళ్ళు చాలా చూశానంటూ టేబులు మీది టాబ్లెట్ తీశారు. పక్కన నిలబడ్డ జూనియర్ డాక్టరమ్మ కళ్ళు పైకప్పు వైపు వెళ్ళాయి. ఆ చూపుని బట్టి, అది ఆమెకి నూరోసారో ఏమోనని అర్థమైంది.

తెర మీద ఒక పాట ముక్క. ముందు ఒక గ్రూప్ డాన్సర్, వెనక ఇద్దరు కుర్రాళ్ళు. ఆ అమ్మాయి కుడికాలి మీద నిలబడి బొంగరంలా ఒక్క చుట్టు తిరిగి ఆగి నవ్వుతుంది. ఎనిమిది సెకన్లు. "ఆ కుడి మోకాలు నాదండీ" అన్నారు ఆయన, పిల్లాడి ప్రోగ్రెస్ కార్డు చూపించే తండ్రిలాగా. అప్పటికి అయిదేళ్ళ కిందట లిగమెంటు పూర్తిగా తెగి వచ్చిందట. తను ఆపరేషన్ చేసిన ఏడాదికి ఆ పాట. ఎక్కడ డాక్టర్ల సమావేశం జరిగినా దాన్నే వేసి చూపిస్తారట.

దాన్ని చూపించడం వెనక ఒక తగాదా ఉంది, అదీ ఆయనే చెప్పారు. తొడ ఎముకనీ కింది కాలి ఎముకనీ కలుపుతూ మోకాలి మధ్యలో ఏటవాలుగా ఒక పట్టీ ఉంటుంది, లిగమెంటు అంటే అదే. తెగితే దాన్ని కుట్టి అతికించడం కుదరక, ఒంట్లో వేరేచోటి నుంచి మరో పట్టీ తీసి, రెండు ఎముకల్లోనూ రంధ్రాలు చేసి, వాటిలోంచి దూర్చి బిగిస్తారు. ఈయన మొదటినుంచీ కింది ఎముకలో తొలిచిన దారినే తిన్నగా పైకి పోనిచ్చి, దానిలోంచే తొడ ఎముకనీ తొలిచేవారు. తొడ ఎముకకి పక్కనుంచి వేరే దారి వెయ్యాలనీ, అప్పుడే కొత్త పట్టీ పాత పట్టీ ఉన్నచోటే పడుతుందనీ జూనియర్ల వాదన. ఆయన వాదించేవారు కాదు, ఈ పాట వేసేవారు. దాంతో అందరి నోళ్ళూ మూతపడేవి.

నేనూ నోరు మూసుకునే కూర్చున్నాను. ఎందుకంటే ఆ పాట కోసింది నేనే.

ఆ ముక్క నాకు బాగా గుర్తుంది. పాటలో అందరూ కుడికాలి మీద తిరగాలి. ఈ ఒక్క షాటులో మాత్రం ముగ్గురూ ఎడమకాలి మీద తిరిగారు. ముందు షాటుకీ వెనక షాటుకీ అతకలేదు. డాన్స్ మాస్టర్ వచ్చి, ఆ పిల్ల కుడికాలు సరిగా లేదనీ, ఆమె కోసమే అలా తీశాననీ చెప్పి, ఫ్లిప్ చేసెయ్యమన్నాడు. అంటే అద్దంలో బొమ్మలా ఎడమని కుడి చెయ్యడం. మాకది ఒక్క నొక్కు. రోజుకి పది చేస్తాం. నొక్కాను, టీ తాగాను, మర్చిపోయాను. ఆ నొక్కు ఇన్నేళ్ళుగా ఒక పెద్ద సర్జనుకి పాఠమై కూర్చుందని తెలిసేసరికి నాకు సిగ్గూ భయమూ ఒకేసారి వేశాయి.

ఆ అమ్మాయి రజిత. రహమత్‌నగర్‌లో ఉంటుంది. అప్పటికి గ్రూపులోంచి ఎదిగి డాన్స్ మాస్టరుకి అసిస్టెంట్ అయింది. రెండ్రోజుల తర్వాత రిహార్సల్ అయ్యాక నా గదికి రమ్మన్నాను. విషయం చెప్పి, ఇప్పుడెలా ఉందమ్మా అంటే, ముందు నవ్వి మంచిగనే ఉంది సార్ అంది. నేను ఊరుకోకపోయేసరికి నెమ్మదిగా చెప్పింది. తిన్నగా నడిస్తే ఏమీ కాదు. మెట్లెక్కుతుంది, దిగుతుంది, పరిగెడుతుంది. కుడికాలి మీద తిరిగితే మాత్రం లోపల ఏదో జారినట్టవుతుంది. ఈ ఏడాది ప్రతి పాట తర్వాతా వాపొస్తోంది. కొత్తవాళ్ళకి స్టెప్పు నేర్పేటప్పుడు తను ఎడమకాలి మీద చేసి చూపించి, మీరు కుడికాలి మీద చెయ్యండి అంటోందట.

డాక్టరుగారికి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఎట్ల చెప్పాలె సార్? కట్లు ఇప్పినంక కాలు గుంజి చూసిండు. గట్టిగుందని మస్తు ఖుషయిండు. అందర్ని పిలిచి చూపెట్టిండు. గప్పుడు నేను జారుతుందని ఎట్లంట?"

ఇంకో భయం కూడా ఉంది. కాలు కచ్చా అని ఒకరికి తెలిస్తే డాన్సర్లుండే కృష్ణానగర్ మొత్తానికి తెలుస్తుంది, తర్వాత పాటకి పిలిచేవాడుండడు. ఇంట్లో అమ్మ, స్కూలుకెళ్ళే కూతురు, సంపాదన తనొక్కతిదే. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుని వెళ్ళిపోయింది. నేనూ ఇచ్చాను. ఇచ్చాక రెండు వారాలు ఏ పని మీదా మనసు నిలవలేదు.

మూడోసారి వ్యాయామం పరీక్షకి వెళ్ళినప్పుడు డాక్టరుగారు హుషారుగా ఉన్నారు. వచ్చేవారం మరో డాన్సరుకి ఆపరేషన్ అట. ఇరవై రెండేళ్ళ పిల్ల. జూనియర్ అమ్మాయి మళ్ళీ పేచీ పెట్టిందిట, తను మళ్ళీ పాట వేసి చూపించారట. నేను తల ఊపి, వాలు దిగి గేటు దాకా వచ్చి, అక్కడే నిలబడి రజితకి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాను. అటువైపు వెనక ఎవరో వన్ టూ త్రీ ఫోర్ అంటున్నారు. తర్వాత అంది.

"ఆ పోరి గూడ నా లెక్కనే దాసుకుంటది. చెప్పుండ్రి సార్."

నేను మళ్ళీ వాలెక్కాను. ఆయన కిటికీలోనే ఉన్నారు. లోపలికి వెళ్ళగానే, ఎక్కడం బాగుంది, దిగడమే ఇంకా బెదురుగా ఉంది అన్నారు. నేను ఆ పాట ఒకసారి పెట్టమన్నాను. సంతోషంగా పెట్టారు. తిరిగేచోట ఆపించి, వెనకున్న కుర్రాళ్ళ చొక్కాలు చూడమన్నాను.

"చొక్కా జేబు ఎటువైపు ఉంటుందండీ?"

ఆయన వంగి తన చొక్కా చూసుకున్నారు. ఎడమవైపు జేబు, దాన్లో పల్లీలు. తెర వంక చూశారు. ఇద్దరు కుర్రాళ్ళకీ జేబు కుడివైపు ఉంది. మళ్ళీ తన జేబు చూసుకున్నారు. జేబు మీద చెయ్యి పెట్టుకుని, "అయితే ఇది ఎడమకాలా?" అన్నారు.

అవునన్నాను. నొక్కింది నేనేనని కూడా చెప్పాను. ఆయన కేకలేస్తారనుకున్నాను, లేకపోతే నన్ను బయటికి పొమ్మంటారనుకున్నాను. ఆయన అడిగింది వేరు. తిప్పకముందు తీసిన బొమ్మ ఎక్కడైనా ఉందా అని.

ఉంది. నిర్మాతలు అడగరు, నేను పారెయ్యను. నా బీరువాలో పాత హార్డ్ డిస్కులు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. ఆ సాయంత్రం ఆరింటికి మల్లేశ్ ఆయన్ని ఫిల్మ్‌నగర్ తీసుకొచ్చాడు. మా గది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్లెక్కి వస్తూ, ఈ మెట్లు మీ మోకాలికి మంచివి కావని నన్నే మందలించి, తెర ముందు కూర్చున్నారు.

ఆ షాటు ఏడు టేకులు తీశారు. మూడోదాని నుంచి అందరూ ఎడమకాలి మీదే. మొదటి రెండూ కుడికాలి మీద. మొదటి టేకులో రజిత సగం తిరిగాక చెయ్యి పక్కకి విసిరి నిలదొక్కుకుంది. ఆయన వెనక్కి తిప్పమన్నారు. మళ్ళీ వెనక్కి. ఒక్కొక్క ఫ్రేము జరపమన్నారు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, తెరకి జానెడు దూరంలో ముఖం పెట్టి కూర్చున్నారు. ఓ చోట ఆపమని, వేలితో చూపించారు. ఒంటితోపాటు తొడ తిరిగింది, కింది కాలు ఒక క్షణం ఆలస్యంగా, ఒక్క గెంతుతో వచ్చింది. చూపించకపోతే నాకు జన్మలో కనబడేది కాదు.

నా బల్ల మీద రెండు కాగితం టీ కప్పులుంటే, ఒకటి బోర్లించి, దాని మీద రెండోది నిలబెట్టారు. తన బూటు లేసు ఊడదీసి, పై కప్పు నుంచి కింది కప్పుకి నిటారుగా పెట్టి సెలోటేపుతో అతికించారు. కింది కప్పుని ముందుకి లాగమన్నారు. లాగితే లేసు బిగుసుకుని ఆపింది. "ఇదీ నేను చేసే పరీక్ష. పాసయింది కదా?" అన్నారు. ఇప్పుడు తిప్పమన్నారు. తిప్పితే హాయిగా తిరిగింది, లేసు అడ్డే రాలేదు. అప్పుడు దాన్ని ఊడదీసి ఏటవాలుగా అతికించారు. ఈసారి తిప్పబోతే, తిప్పుతున్నకొద్దీ లేసు బిగిసి చేతికి ఎదురు తిరిగింది. ఒకే దారిలో పైకి తొలుచుకుపోతే కొత్త పట్టీ నిటారుగా పడుతుంది. నడిచేవాడికి అది చాలు, చాలామంది సుఖంగానే ఉంటారు. తిరగడమే బతుకైనవాళ్ళకి చాలదు. ఈ మాట ఆ జూనియర్ అమ్మాయి మూడేళ్ళుగా చెబుతోందండీ అన్నారు. ఆ గొంతులో బాధ కంటే వింత ఎక్కువగా ఉంది. తనకి ఇంతకాలం కనబడనిది కనబడిందన్న వింత.

వెళ్ళబోతూ లేచి, మళ్ళీ కూర్చున్నారు. తెర మీది రజిత ముఖం పెద్దది చేసి చూపించమన్నారు. నాకు ఆశ్చర్యమేసింది, ఆయన ఒకరి ముఖం అడగడం అదే మొదలు. చూపించాను. కాలు జారినచోట నొప్పికి ముఖం ముడుచుకుంది. వెంటనే నవ్వు. నొప్పికీ నవ్వుకీ మధ్య ఎన్ని ఫ్రేములని అడిగారు. లెక్కపెట్టి ఆరని చెప్పాను. సెకనుకి ఇరవై నాలుగు కదా అన్నారు. అవునన్నాను. పావు సెకనన్నమాట అని గొణుక్కుంటూ, లేసు లేని బూటుతో మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మర్నాడు రజిత నన్ను తోడు రమ్మంది. ఆయన ఆమెని పడుకోబెట్టి, పాదాన్ని లోపలికి తిప్పి పట్టుకుని, మోకాలిని పక్కనుంచి నొక్కుతూ నెమ్మదిగా ముడిచారు. నాకు కూడా కనబడింది, మోకాలు టక్కున ఒక్కసారి గెంతింది. రజిత బల్ల అంచు పట్టుకుంది. ఆయన కాలు కింద పెట్టి, దుప్పటి కప్పి, స్టూలు మీద కూర్చున్నారు.

"నీ కాలు తప్పు కాదమ్మా. నేను వేసిన దారి తప్పు."

 అట్లనకుండ్రి సార్, మీరు మంచిగనే చేసిండ్రు, నేనే చెప్పలేదు అంటూ రజిత ఆయన్నే ఓదార్చడం మొదలుపెట్టింది. ఆయన వినలేదు. జారిన ప్రతిసారీ ఎముకల మధ్య మెత్త అరిగిపోతోందనీ, ఇలాగే ఇంకో రెండేళ్ళు ఆడితే తిరగడం మాట అటుంచి నడవడమే కష్టమవుతుందనీ, మళ్ళీ ఆపరేషన్ చేసినా మొదటిదంత బాగా కుదురుతుందన్న హామీ లేదనీ దాచకుండా చెప్పారు. తొమ్మిది నెలలు ఆట ఉండదు. రజిత కళ్ళనీళ్ళు తుడుచుకుని, మీరే చేస్తరు గద సార్ అంది. లేదన్నారు. పక్కనున్న జూనియర్ అమ్మాయిని చూపించి, ఈవిడ చేస్తుంది, నేను పక్కన నిలబడి అందిస్తాను అన్నారు. రజిత ఒప్పుకోలేదు. అప్పుడన్నారు.

"నా చెయ్యి ఇరవై ఏళ్ళుగా ఒకే దారికి అలవాటు పడిందమ్మా. నీ మోకాలి మీద నేను కొత్తది నేర్చుకోకూడదు."

ఆ జూనియర్ అమ్మాయి ముఖం నేను చూశాను. మూడేళ్ళు పోట్లాడి గెలిచినవాళ్ళ ముఖంలా లేదు. భయపడిపోయింది. తర్వాతివారం ఆ ఇరవై రెండేళ్ళ పిల్లకి కూడా ఆవిడే చేసింది, ఆయనే అందించారు.

రజిత ఆపరేషన్‌కి ముందు ఆయన ఒకరోజు కృష్ణానగర్‌లో రిహార్సల్ హాలుకి వచ్చారు. అక్కడి నేలని కాలితో రాసి చూశారు. డాన్సర్లు చెప్పులేసుకుంటారా లేదా, ఏ పాటకి ఎటు తిరుగుతారు, మోకాళ్ళ మీద ఎన్నిసార్లు కూర్చుంటారు అని ఒక్కొక్కరినీ అడిగి కాగితం మీద రాసుకున్నారు. మోకాలి చిప్ప కింద ఉండే పట్టీ తీసి వాడితే మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడల్లా నొప్పి పెట్టొచ్చునట, తొడ వెనకది మొదటి ఆపరేషన్‌లోనే అయిపోయింది, కాబట్టి ఈసారి తొడ ముందువైపు నుంచి తియ్యాలని అక్కడే తేల్చారు. తర్వాత ఆ చుట్టు ఎలా ఉంటుందో చూద్దామని తనే కుడికాలి మీద తిరగబోయి, మాస్టరు మీద పడ్డారు. హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, కష్టమే సుమండీ అని కాగితం మీద అదీ రాసుకున్నారు.

ఆపరేషన్ అయ్యాక రజిత మూడో నెల నుంచి హాలుకి వచ్చి కుర్చీలో కూర్చుని కౌంట్ చెప్పేది. మాస్టరు మంచివాడు, ఆమె స్థానంలో ఇంకొకరిని పెట్టలేదు. ఫిల్మ్‌నగర్ నుంచి ఇంటికెళ్ళే దారిలో నేను అప్పుడప్పుడు ఆగేవాణ్ణి. ఒక్కోరోజు కుర్చీలో కూర్చునే చేతులతో స్టెప్పులన్నీ వేసేది, ఒక్కోరోజు ఎవరితోనూ మాట్లాడేది కాదు. డాక్టరుగారు పరీక్షకి పిలిచినప్పుడు వెళ్ళేది. బల్ల మీద కాలు గట్టిగానే ఉంది, తిప్పినా గెంతడం లేదు. అయినా ఆయన సరేనని అనడం లేదు. బల్ల మీద సంగతి నాకు చెప్పొద్దు అనేవారట, ఆ జూనియర్ అమ్మాయితో.

పదో నెలలో ఒక మధ్యాహ్నం ఆయన హాలుకి వచ్చారు. వెంట ఆ అమ్మాయి, వెనక మల్లేశ్. మాస్టరు మిగతావాళ్ళని టీకి పంపేశాడు. రజిత సల్వార్ మడిచి కట్టుకుని మధ్యలో నిలబడింది. కుడిపాదం నేల మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. ఎడమకాలు లేవలేదు. ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పాదం నుంచి కళ్ళు తిప్పకుండా చూస్తున్నారు.  ఆ కాలు జారితే ఆ పిల్లకి మూడో ఆపరేషన్ లేదు, ఈ హాలూ లేదు.

రజిత పాదం తీసేసింది.

"మీరు చూడొద్దు సార్."

ఆయనకి అర్థం కాలేదు. దాని కోసమే వచ్చానమ్మా అన్నారు.

"మీరు చూస్తుంటే జారినా నేను నవ్వుత సార్. మీరు ఖుష్ కావాలని మంచిగైంది అంట. నాకు తెలుసు. అటు మల్లుండ్రి. నిజం నేను చెప్త."

 ఆయన చేతులు నేల మీద ఆనించి, ముక్కుతూ లేచి నిలబడ్డారు. మూడు గోడలకీ అద్దాలే, ఎటు తిరిగినా ఆమె కనబడుతుంది. వీధి తలుపు వైపు నడిచి, మూసి ఉన్న తలుపుకి ఎదురుగా, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. మనుషుల నడకలు చూడ్డానికి కార్లు ఆపించిన మనిషి, అలా వీపు చూపించి నిలబడ్డారు. ఆ జూనియర్ అమ్మాయి కూడా తల దించుకుంది.

నేను చూశాను. నన్ను చూడొద్దని ఎవరూ అనలేదు. రజిత గట్టిగా ఊపిరి పీల్చి, కుడికాలు పాతి, తిరిగింది. హాల్లో పాదం నేల మీద రాసుకున్న చప్పుడొకటి వచ్చింది. ఆమె నవ్వడం లేదు. తల వంచి తన మోకాలి వంక చూసుకుంటోంది, లోపల ఏం జరిగిందో వింటున్నట్టు. మేమందరం ఆమె నోటి వంక చూస్తున్నాం. డాక్టరుగారి వేళ్ళు వీపు వెనక ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

"జారలేదు సార్" అంది రజిత. "నిజంగనే జారలేదు. ఇగ ఇటు మల్లుండ్రి, ఇంకోటి చేస్త."

ఆయన వెంటనే ఇటు తిరగలేదు. కళ్ళజోడు తీసి, జేబురుమాలు కోసం జేబులన్నీ వెతుక్కుంటున్నారు. రజిత తొందర పెట్టలేదు. ఆయన తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఇటు తిరిగేదాకా కుడికాలి మీద బరువుంచి అలాగే ఆగింది. అప్పుడు ఆయన ముందర రెండో చుట్టు తిరిగింది.